సైనిక స్నేహము – శోకార్త కుటుంబములకు ఆదరణ

శతవార్షికోత్సవ సంచికలో దేవాలయముల నిర్మాణమును గూర్చి, పాఠశాలలను గూర్చి, తొలి విశ్వాసులను గూర్చి పెద్దలు వ్రాస్తారు. అది తగినదే. మేము మాత్రము ఈ కొద్ది పుటలలో వేరొక చరిత్రను సంఘ సభ్యుల ముందు ఉంచదలచాము. సైన్యములో ఒకరి ప్రక్కన ఒకరు నిలిచిన మనుష్యుల స్నేహము ఎటువంటిది? వారిలో ఒకడు తిరిగి రానప్పుడు ఆ ఇంటివారిని ఎవరు ఆదుకున్నారు? ఈ రెండు ప్రశ్నలకు చరిత్ర ఇచ్చే జవాబులే ఈ వ్యాసము.

కనగానపల్లి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ప్రాంతములవారమైన మనకు ఇది దూరపు సంగతి కాదు. వానను నమ్ముకొని వేరుశెనగ వేసే నేల మనది. వాన మొగము చాటేసిన ఏట చదువుకున్న పిల్లవాడు ధర్మవరము మగ్గాలకో, బెంగుళూరు పనులకో, లేక పట్టాళమునకో పోవలసిందే. “మావాడు మిలిట్రీలో ఉన్నాడు” అని తల్లి చెప్పేటప్పుడు ఆ మాటలో గర్వము ఎంత ఉంటుందో భయము అంతే ఉంటుంది. ఆ భయము నిజమైన నాడు సంఘము ఏమి చేయవలెనో తెలిసి ఉండడము మంచిది.

వీరగల్లు, రక్తమాన్యము

మన సీమలో ఊరి పొలిమేరలలోను, చెరువు కట్టల మీద, పాత గుళ్ళ దగ్గర కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాళ్ళు కనిపిస్తాయి. వీటిని వీరగల్లులు అంటారు. నొళంబ రాజులకు రాజధానియైన హేమావతి మన మడకశిర ప్రాంతములోనిదే. ఊరి పశువులను తోలుకుపోయేవారితో పోరాడి పడిపోయినవానికి, ఊరిని కాపాడుతూ ప్రాణమిచ్చినవానికి ఆ కాలపువారు ఇటువంటి రాళ్ళు నిలిపారు. అనేక రాళ్ళలో బొమ్మలు మూడు వరుసలుగా ఉంటాయి. క్రింద పోరు, మధ్య వీరుని పైకి తీసుకొనిపోవడము, అన్నిటికి పైన దేవుని సన్నిధి. చదువు రానివాడు కూడా చదువుకోగల రాయి అది.

అయితే ఆనాటివారు రాయి నిలిపి చేతులు దులుపుకోలేదు. చనిపోయినవాని కుటుంబమునకు భూమిని మాన్యముగా ఇచ్చే ఆచారము ఉండేది. కన్నడ శాసనములలో దీనిని నెత్తరు కొడగె అన్నారు. తెలుగులో రక్తమాన్యము అన్నారు. ఆ పేరును కాస్త ఆలోచించండి. అది ధర్మము కాదు, దానము కాదు. రక్తమునకు బదులుగా ఇచ్చిన భూమి. అంటే ఊరు ఆ ఇంటికి బాకీ పడినదని ఒప్పుకొని ఆ బాకీ తీర్చడము. జాలికి, బాకీకి చాలా భేదమున్నది. జాలి నాలుగు దినములలో చల్లారిపోతుంది. బాకీ తీరేవరకు ఉంటుంది.

యోనాతాను కుమారుడు

సైనిక స్నేహమును గూర్చి, సైనికుని ఇంటివారిని గూర్చి పరిశుద్ధ గ్రంథము చెప్పినంత వివరముగా చెప్పిన పాత గ్రంథములు అరుదు. యోనాతాను రాజకుమారుడు, దావీదు గొఱ్ఱెల కాపరి. యోనాతాను తన దుప్పటిని, కత్తిని, విల్లును, నడికట్టును తీసి దావీదునకు ఇచ్చాడు. సైనికుడు తన ఆయుధమును మరొకనికి ఇవ్వడమంటే తన ప్రాణమును అతని చేతిలో పెట్టడమే. ఆ తరువాత వారు చేసుకొన్న నిబంధన వారిద్దరితో ముగిసేది కాదు. ఒకరి సంతానమును మరొకరు చూచుకోవలెనన్నది అందులోని ముఖ్యమైన షరతు.

గిల్బోవ పర్వతము మీద సౌలు, యోనాతాను పడిపోయినప్పుడు యాబేష్గిలాదువారు రాత్రియంతయు నడిచిపోయి శత్రువుల గోడమీది నుండి వారి శరీరములను దింపి తెచ్చుకొన్నారు. పూర్వము సౌలు వారిని ఆపదలోనుండి విడిపించినవాడు. వారు ఆ మేలును మరువలేదు. శరీరమును ఇంటికి చేర్చడము మొదటి ఋణము.

రెండవ ఋణమును దావీదు కొన్ని సంవత్సరములకు గాని తీర్చలేదు. యోనాతాను మరణవార్త వచ్చిన దినమున అతని కుమారుడైన మెఫీబోషెతు ఐదేండ్లవాడు. దాది ఎత్తుకొని పరుగెత్తగా పిల్లవాడు పడి కుంటివాడయ్యాడు. సైనికుని మరణము యుద్ధభూమిలో ఒకనిని చంపి, ఇంటిలో మరొకనిని కుంటివానిగా చేసినది. లోదెబారులో మాకీరు ఇంట తలదాచుకొన్న ఆ పిల్లవానిని దావీదు వెదకి పిలిపించి, పితరుల భూమిని తిరిగి ఇచ్చి, తన బల్లయొద్ద చోటు ఇచ్చాడు. భూమితోపాటు బల్ల. ఆస్తితోపాటు ఆప్యాయత.

ఈ కథలో ప్రసంగములలో తరచు వినబడని భాగము ఒకటున్నది. ఆ భూమిని సాగుచేయుటకు సీబా అను సేవకుని నియమించారు. తరువాత కష్టకాలములో ఆ సీబాయే యజమాని మీద చాడీ చెప్పి ఆస్తి మొత్తము తనకు వ్రాయించుకొన్నాడు. కుంటివాడు వచ్చి నిజము చెప్పుకొన్న తరువాత కూడ భూమిని ఇద్దరూ పంచుకొమ్మని తీర్పు వచ్చినది. సహాయము ప్రకటించడము ఒక ఎత్తు, అది మధ్యవారి చేతులు దాటి అసలువారికి చేరడము మరొక ఎత్తు. మూడువేల సంవత్సరముల క్రిందటి ఈ హెచ్చరిక నేటికీ పాతబడలేదు.

రెండు ప్రపంచ యుద్ధములు

మొదటి ప్రపంచ యుద్ధములో (1914–18) అవిభక్త భారతదేశమునుండి పది లక్షలకు పైగా మనుష్యులు సముద్రము దాటి వెళ్ళారు. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. రెండవ యుద్ధములో (1939–45) మన సైన్యము 25 లక్షలకు పెరిగినది. 87,000 మంది మరణించారు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరము గ్రామమునుండి మొదటి యుద్ధమునకు 90 మంది, రెండవ యుద్ధమునకు 1,110 మంది వెళ్ళారని చెప్తారు. ఆ ఊరిని జనులు “మిలిటరీ మాధవరము” అని పిలుస్తారు. దాదాపు ప్రతి ఇంటికి సైన్యముతో సంబంధమున్న ఊరిలో ఒక ఇంట మరణము కలిగితే, దాని అర్థము ప్రక్క ఇంటికి వివరించి చెప్పనక్కరలేదు. మనవంటి ఊళ్ళలో అలా కాదు. మండలము మొత్తములో ఒకటి రెండు ఇండ్లే అటువంటివి. అందుచేత ఇక్కడ శోకము ఒంటరిది.

మొదటి యుద్ధ కాలములోనే బెల్జియములో ఒక పాదిరిగారు చేసిన పని గుర్తుంచుకోదగినది. పోపెరింగె అను పట్టణము యుద్ధరేఖకు కొద్ది మైళ్ళ వెనుక ఉండేది. 1915 డిసెంబరులో ఫిలిప్ క్లేటన్ అను సైనిక పాదిరి అక్కడ సైనికుల కొరకు ఒక ఇల్లు తెరిచారు. దానికి టాల్బట్ హౌస్ అని పేరు. అదే సంవత్సరము జూలైలో హూగె వద్ద మరణించిన గిల్బర్ట్ టాల్బట్ అను యువ సైనికాధికారి జ్ఞాపకార్థము ఆ పేరు పెట్టారు. గిల్బర్టు అన్నయైన నెవిల్ టాల్బట్ కూడా సైనిక పాదిరియే. తమ్ముని పోగొట్టుకొన్న ఇంటివారి దుఃఖము ఈ విధముగా ఇతరుల పిల్లలకు ఆశ్రయమైనది. ఆ ఇంటిలో పెద్ద అధికారి, సామాన్య సిపాయి అను భేదము గుమ్మము బయటనే ఆగిపోయేది. టీ, పుస్తకములు, తోట, పైన మేడగదిలో ప్రార్థనాస్థలము. అక్కడ వడ్రంగి పనిబల్లయే బలిపీఠము. యుద్ధము ముగిసిన తరువాత ఆ స్నేహమే టాక్ హెచ్ అను సేవా ఉద్యమమై మన దేశములో కూడా శాఖలు పెట్టినది.

1917లో ఫేబియన్ వేర్ అను ఆయన కృషి వలన యుద్ధ సమాధుల కమిషను ఏర్పడినది. ధనికుడైనా పేదయైనా, అధికారియైనా సిపాయియైనా ప్రతివానికి ఒకే విధమైన గుర్తు ఉండవలెనన్నది దాని నియమము. నియమము గొప్పదే గాని, అందరి విషయములో నెరవేరలేదు. 2021 ఏప్రిలులో ఆ కమిషనే ఒక నివేదికను ప్రకటించి క్షమాపణ చెప్పినది. మొదటి యుద్ధములో మరణించిన ఆఫ్రికా, ఆసియా దేశములవారిలో కనీసము 1,16,000 మంది, బహుశా 3,50,000 వరకు కూడా, పేరు లేకుండానో, అసలు ఏ గుర్తూ లేకుండానో మిగిలిపోయారని అందులో ఒప్పుకొన్నారు. పేరు వ్రాయనందువలన ఆకలి కలుగదు, నిజమే. అయినా పేరు లేనివాని తల్లికి తన బిడ్డ నిజముగా ఉండెనని చెప్పుకొనే ఆధారము పోయినది.

టెలిగ్రాము, ట్రంకుపెట్టె

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఈ ఋణమును దేశము తన మీద వేసుకొన్నది. 1949 నుండి ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీని సాయుధ దళముల పతాక దినముగా పాటిస్తున్నాము. ఆ దినమున మన చొక్కాకు పెట్టే చిన్న జెండాకు ఇచ్చిన సొమ్ము సైనిక కుటుంబముల, మాజీ సైనికుల సంక్షేమమునకు పోతుంది. ఢిల్లీలో కేంద్రీయ సైనిక బోర్డు, రాష్ట్రములో, జిల్లాలో దాని క్రింది కార్యాలయములు పనిచేస్తాయి. 1966లో సైనికుల భార్యల సంక్షేమ సంఘము ఏర్పడినది. 1971 యుద్ధము ముగిసిన మరుసటి యేట, అనగా 1972లో, మోహినీ గిరి గారు యుద్ధ వితంతువుల సంఘమును స్థాపించారు.

1962, 1965, 1971 యుద్ధములలో మరణించినవారి అంత్యక్రియలు సామాన్యముగా యుద్ధభూమి దగ్గరనే జరిగాయి. ఇంటికి వచ్చినవి ఒక టెలిగ్రాము, కొన్నాళ్ళకు అతని ట్రంకుపెట్టె. తపాలావాడు టెలిగ్రాము పట్టుకొని వీధిలోకి వస్తే చదవకముందే ఏడ్పులు మొదలయ్యే కాలమది. శరీరమును చూడని తల్లి ఎన్నో ఏండ్లు గుమ్మము వైపు చూస్తూనే ఉంటుంది. అటువంటి ఇండ్లలో సెలవు మీద వచ్చిన స్నేహితుడు చేసిన పని మరెవ్వరూ చేయలేరు. “అమ్మా, నేను ప్రక్కనే ఉన్నాను. వాడు బాధపడలేదు” అని చెప్పగలవాడు అతడొక్కడే. 1999 కార్గిల్ యుద్ధము నుండి శరీరములను స్వగ్రామములకు పంపే పద్ధతి విస్తారముగా అమలులోకి వచ్చినది. నేడు పెట్టెతోపాటు అతని దళమునుండి ఎవరైనా వస్తారు. ఊరివారు ఆ మనిషిని కూడా చూడవలెను. అతడు యూనిఫారములో నిలిచి ఉన్నాడు గాని, అతడూ శోకించేవాడే.

ఒకే కొండ మీద ముగ్గురు

కార్గిల్ యుద్ధములో ద్రాస్ ప్రాంతపు కొండ మీద 1999 జూన్ 28వ తేదీ రాత్రి రెండవ రాజపుతానా రైఫిల్సు దళము దాడి చేసినది. ఆ దాడిలో మరణించినవారిలో మన హైదరాబాదుకు చెందిన మేజరు పద్మపాణి ఆచార్య ఒకరు. ఇంటి వద్ద భార్య అప్పటికి గర్భవతి. తండ్రి చూడని కుమార్తె తరువాత పుట్టినది. అదే దళములో అదే రాత్రి కెప్టెన్ విజయంత్ థాపర్, నాగా బిడ్డయైన కెప్టెన్ కెంగురుసె మరణించారు. ఒక హైదరాబాదువాడు, ఒక ఉత్తరాదివాడు, ఒక నాగా. వారి మాతృభాషలు వేరు, తిండి వేరు, ఆచారములు వేరు. పద్మపాణికి, కెంగురుసెకు మహావీర చక్రము, థాపరునకు వీర చక్రము మరణానంతరము ఇచ్చారు.

థాపరు దాడికి ముందు ఇంటికి వ్రాసిన ఉత్తరములో, తాము పోరాడిన చోటును వచ్చి చూడుమని తండ్రిని కోరాడు. కుప్వారాలో తాను చేరదీసిన రుఖ్సానా అను చిన్న బాలికకు నెలకు యాభై రూపాయలు పంపుతూ ఉండుమని కూడా కోరాడు. ఆ పిల్ల ఉగ్రవాదుల చేతిలో అయినవారిని పోగొట్టుకొని మాట పడిపోయిన బిడ్డ. చావు ముందు నిలిచినవాడు తన ఇంటివారి ఓదార్పును అడుగలేదు. మరొక శోకార్తురాలిని తన ఇంటివారికి అప్పగించాడు. సైనిక తండ్రియైన కర్నల్ థాపరు ఆ రెండు కోరికలను నెరవేర్చారు.

2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో 20 మంది మన సైనికులు మరణించారు. వారికి నాయకుడు 16వ బీహారు రెజిమెంటుకు చెందిన కర్నల్ సంతోష్ బాబు, మన సూర్యాపేటవాడు. తెలంగాణ ప్రభుత్వము ఆయన కుటుంబమునకు ఐదు కోట్ల రూపాయలు, భార్యకు గ్రూప్-1 ఉద్యోగము, ఇంటి స్థలము ఇచ్చినది. అంతటితో ఆగక, ఆయనతో కలిసి మరణించిన మిగిలిన 19 మంది కుటుంబములకు కూడా పదేసి లక్షలు ప్రకటించినది. ఆ చెక్కులు 2022లో జార్ఖండులో, బీహారులో ఆయా కుటుంబములకు అందాయి. ఎక్కడి తెలంగాణ, ఎక్కడి జార్ఖండు! అధికారికి, అతని మనుష్యులకు మధ్యనున్న స్నేహము రాష్ట్రముల ఎల్లలను దాటి నడిచినది.

2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణించిన హెలికాప్టరు కూలినప్పుడు చిత్తూరు జిల్లా బిడ్డయైన లాన్స్ నాయక్ సాయితేజ కూడా మరణించాడు. శరీరమును గుర్తించుటకు పరీక్షలు అవసరమై ఆ ఇంటివారు కొన్ని దినములు ఎదురు చూడవలసి వచ్చినది. శోకములో ఎదురుచూపు ఎంత భారమో అటువంటి ఇంటిలో కూర్చున్నవారికే తెలుస్తుంది.

కల్లితాండా

ఇక మన ఇంటి సంగతి. మన శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలములోని కల్లితాండాకు చెందిన మురళీ నాయక్ అను అగ్నివీరుడు 2025 మే 9న జమ్ము కాశ్మీరులో నియంత్రణ రేఖ వద్ద పాకిస్తాను కాల్పులలో మరణించాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కుమారుడు. పొట్టకూటికి బొంబాయి వలసపోయిన కుటుంబమది. మే 11న తాండాలో ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగాయి. మంత్రులు వచ్చారు, జనము కొండలు గుట్టలు నిండినంతగా వచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 50 లక్షల రూపాయలు, ఐదు ఎకరముల భూమి, 300 గజముల ఇంటి స్థలము, కుటుంబములో ఒకరికి ఉద్యోగము ప్రకటించినది. ఆ ఐదు ఎకరముల మాట విన్నప్పుడు మాకు పాత రక్తమాన్యము గుర్తుకు వచ్చినది. మన సీమ తన అలవాటు మరువలేదు.

అయితే తేలవలసిన ప్రశ్న ఒకటున్నది. 2022 జూనులో ప్రవేశపెట్టిన అగ్నిపథ్ పథకము క్రింద చేరినవారు నాలుగేండ్లు పనిచేస్తారు. వారిలో నూటికి ఇరవై ఐదుగురి వరకు శాశ్వత ఉద్యోగములోకి తీసుకొంటారు. విధి నిర్వహణలో మరణిస్తే 48 లక్షల బీమా, 44 లక్షల ప్రత్యేక సహాయము ఉన్నవి. కాని శాశ్వత సైనికుని కుటుంబమునకు జీవితాంతము వచ్చే కుటుంబ పింఛను వీరికి లేదు. మురళీ నాయక్ తల్లి 2025లో బొంబాయి హైకోర్టును ఆశ్రయించి, తన కుమారుని మరణమును ఇతర సైనికుల మరణముతో సమానముగా చూడవలెనని కోరినది. అదే గుండు, అదే రేఖ, అదే జెండా కప్పిన పెట్టె. పింఛను మాత్రము వేరు. న్యాయస్థానము ఏమి చెప్పవలెనో చెప్పడము మా పని కాదు. కాని 1917 నాటి సమానత్వ నియమము ఎక్కడ తప్పినదో చూచిన మనము ఈ తల్లి అడిగిన ప్రశ్నను తేలికగా త్రోసివేయలేము. ఒక్కసారి వచ్చిన సొమ్ము బాకీని తీర్చగలదా, లేక నెలనెలా “నిన్ను మరువలేదు” అని చెప్పే పింఛను కావలెనా? దీనిని ప్రతి సభ్యుడు ఆలోచించవలెను.

సంఘము చేయగలిగినది

ఈ చరిత్ర నుండి మేము గ్రహించిన కొన్ని సంగతులు సంఘ సభ్యుల ముందు పెడుతున్నాము.

మొదటిది, మరణించినవాడు మన సంఘస్థుడా కాడా అని చూడనక్కరలేదు. యాబేష్గిలాదువారు చేసిన మేలును తలచుకొన్నారు గాని, సౌలు ఏ గోత్రమువాడని విచారించలేదు. తాండాలో గాని, పేటలో గాని, మసీదు వీధిలో గాని, ఆ ఇల్లు మనకు పొరుగిల్లే.

రెండవది, కాగితముల పని. మరణ ధృవీకరణ పత్రము, బ్యాంకు ఖాతా, వారసుల పత్రము, పింఛను దరఖాస్తు, బీమా – వీటికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు, తహసీలుదారు కార్యాలయమునకు అనేక మార్లు తిరగవలసి ఉంటుంది. చదువు వచ్చిన యువజనులు ఇద్దరు తోడు వెళ్ళితే ఏ సీబా మధ్యలో దూరలేడు. ఇది ప్రార్థన కన్న తక్కువైన సేవ అని ఎవరూ అనుకొనరాదు.

మూడవది, భార్య, తల్లి ఇద్దరూ శోకార్తులే. సొమ్ము వచ్చిన తరువాత అత్తాకోడండ్ల మధ్య, అన్నదమ్ముల మధ్య మనస్పర్థలు వచ్చిన ఇండ్లు ఎన్నో ఉన్నవి. సంఘ పెద్దలు ఒక ప్రక్క చేరక, ఇద్దరి మాట వినవలెను. చిన్న వయసు విధవరాలు తిరిగి చదువుకొనదలచినా, ఉద్యోగము చేయదలచినా, మరల వివాహమాడదలచినా ఆమెను వేలెత్తి చూపే నోళ్ళను స్త్రీల సమాజమువారు మూయించవలెను. 2007 జూలై 31న ఊరీ వద్ద మరణించిన బెంగుళూరు కర్నల్ వసంత్ గారి భార్య, భర్త పేరుతోనే ఒక సంస్థను స్థాపించి, తనవంటి ఇతర స్త్రీలకు అండగా నిలిచారు. శోకించినవారే శోకార్తులకు మంచి ఆదరణకర్తలు.

నాల్గవది, తేదీలను గుర్తుపెట్టుకోవడము. ఆదరణ కూడికకు నలువైపుల నుండి జనము వస్తారు. ఆరు నెలల తరువాత ఎవరూ రారు. అతని పుట్టినరోజు, మొదటి వార్షికము, మొదటి పండుగ – ఈ మూడు దినములలో ఆ ఇంటికి ఒక కుటుంబము వెళ్ళి భోజనము చేసిరావలెను. దావీదు బల్ల అంటే అదే.

ఐదవది, స్నేహితుని పిలవడము. అతనితో పనిచేసిన సైనికుడు సెలవు మీద వస్తే ఆ ఇంటికి తోడుకొనివచ్చి, అతడు చెప్పే మాటలు పిల్లలకు వినిపించవలెను. తండ్రిని ఫొటోలో మాత్రమే ఎరిగిన బిడ్డకు, ఆయన నవ్వేవాడని, పాడేవాడని, సంగటి గురించి కలవరించేవాడని తెలియడము పెద్ద ఆస్తి.

చివరగా, డిసెంబరు మొదటి ఆదివారము ఆరాధనలో మన మండలములోని సైనికుల పేర్లు, మరణించినవారి పేర్లు పైకి చదివి ప్రార్థన చేయుటకు కొద్ది నిమిషములు కేటాయించవచ్చును. పతాక దినపు సొమ్మును అదే వారములో పంపవచ్చును. రాళ్ళు నిలిపిన మన పూర్వులు పేరును మరువలేదు, ఇంటిని మరువలేదు. నూరేండ్లు నిండిన సంఘమునకు ఆ రెండును మరువకుండుట తగినది. దుఃఖపడువారిని ఓదార్చు దేవుడు కల్లితాండా ఇంటిని, అటువంటి ప్రతి ఇంటిని కాపాడి, వారి యెడల మన బాకీని ఎరిగి నడుచుకొను మనస్సు మనకు అనుగ్రహించును గాక.